మోటారు దోషము – మన మౌనము

మన పెద్దలు ఊరికి బయలుదేరుటకు ముందు, బండి యిరుసునకు కందెన వేసిరా లేదా యని యడుగక గడప దాటెడివారు కారు. కందెన లేని యిరుసు మొదట కిఱ్ఱుమనును, పిమ్మట విఱుగును. ఆ చప్పుడు వినుటకు విద్యలేమియు నక్కఱలేదు, చెవి యున్న చాలును. నేడు మేడ్చలులోను, శామీర్‌పేటలోను ఎన్నో యిండ్ల ముంగిట కారు నిలిచియున్నది. దాని యిరుసు ఇనుప పెట్టెలో దాగియున్నందున, అది మగవారి వ్యవహారమని మనము చెవి మూసికొనుచున్నాము. ఆ కారులో కూర్చుండువారు మాత్రము మన బిడ్డలే గదా!

కొంతకాలము క్రిందట మా యెఱుకలోని యొక కుటుంబము పసివాని యక్షరాభ్యాసమునకై మేడ్చలునుండి వర్గల్ సరస్వతీదేవి సన్నిధికి బయలుదేరినది. ఔటర్ రింగు రోడ్డుమీద శామీర్‌పేట దిగుదారి చేరకముందే ఇంజను టకటక కొట్టుకొని యాగిపోయెను. స్టీరింగు బరువెక్కెను, బ్రేకు గట్టిపడెను. వెనుకనుండి లారీలు వచ్చుచున్నవి. దైవానుగ్రహమున బండి యెడమ యంచునకు జేరెను. అందఱును దిగి కమ్మీ కావల నిలిచి ప్రాణములు దక్కించుకొనిరి. మరమ్మతుశాలవారు "నూనె చూచుకొనలేదు, తప్పు మీదే" యని పెద్ద మొత్తము పుచ్చుకొనిరి. ఇల్లాలు "మా గ్రహచారము" అని యూరకుండెను.

ఆఱు నెలల పిమ్మట శామీర్‌పేటలో ఒక పేరంటమున, అదే రకపు కారు గల మఱి యిద్దఱు స్త్రీలు అదే కథ చెప్పిరి. ఒకరిది గ్రహచారము కావచ్చును. ముగ్గురిదియు ఒకే తీరు గ్రహచార మెట్లగును? అది బండి పుట్టుకలోని దోషమేమో యని అప్పటికి గాని వారికి తోచలేదు.

ఇట్టి దోషము లోకమునకు క్రొత్త గాదు. ఆ కుటుంబపు కారుతో సంబంధము లేకున్నను, అమెరికాలో జరిగిన యొక యుదాహరణము తెలిసికొనదగినది. హ్యుండయ్, కియా కార్లలో థీటా-2 అను ఇంజను వాడిరి. దాని క్రాంక్‌షాఫ్టులో చమురు పాఱుటకు తొలిచిన రంధ్రములనుండి లోహపు రజను పూర్తిగా తొలగింపబడలేదు. ఆ రజను చమురున కడ్డుపడగా, బేరింగులు అరిగి, ఇంజను టకటకలాడి నడుమదారిలో ఆగెడిది. కందెన లేని యిరుసు కథయే యిది. 2015లో సుమారు 4,70,000 కార్లను కంపెనీ వెనుకకు పిలిచి బాగుచేయ బూనెను. దీనినే రీకాల్ అందురు. అది చాలలేదు, 2017లో మఱి పదిలక్షలకు పైగా కార్లను పిలువవలసి వచ్చెను. హ్యుండయ్‌లో ఇంజనీరుగా నుండిన కిమ్ గ్వాంగ్-హో అను నతడు 2016లో ఈ సంగతులను అమెరికా ప్రభుత్వమునకు తెలియజేసెను. రీకాల్ సకాలమున చేయలేదన్న విషయమున 2020లో ఆ రెండు కంపెనీలును 21 కోట్ల డాలర్ల పరిష్కారమునకు ఒప్పుకొనవలసి వచ్చెను.

మన దేశమున 2012 నుండి కంపెనీలు స్వచ్ఛందముగా రీకాల్ చేయుచుండిరి. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 110-ఏ అను సెక్షను చేర్చిరి. దానికి సంబంధించిన నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. బండిలోని వారికి గాని, దారిన పోవువారికి గాని, పరిసరములకు గాని కీడు చేయు దోషమున్నదని తగినంతమంది యజమానులు తెలిపినచో, ఆ రకపు బండ్లను పిలిపింపుమని కేంద్రప్రభుత్వము కంపెనీని ఆజ్ఞాపింపవచ్చును. నిర్బంధ రీకాలునకు 10 లక్షల నుండి కోటి రూపాయల వఱకు జరిమానా గలదు. కంపెనీ తానై దోషము కనుగొని తెలిపి రీకాల్ ప్రారంభించినచో ఆ జరిమానా లేదు.

సోదరీమణులారా, ఇందలి కీలకము "తగినంతమంది" యను మాటలో నున్నది. ఫిర్యాదులు లెక్కకు రానిచో ఈ త్రోవ తెఱచుకొనదు. మాటతో సరిపుచ్చిన ఫిర్యాదు లెక్కకు రాదు; గ్రహచారమని మ్రింగిన దుఃఖము అంతకంటెను రాదు. ఆ నియమములు అమలులోనికి వచ్చిన మఱుసటి యేడు, 2022 ఏప్రిల్‌లో, మన నిజామాబాదులో ఒక యింట ఛార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి యొక వృద్ధుడు మరణించెను. హైదరాబాదు కంపెనీయగు ప్యూర్ ఈవీ ఆ తరువాతనే 2,000 స్కూటర్లను వెనుకకు పిలిచెను. ఒక ప్రాణము పోయినపిదప వచ్చిన పిలుపు ఆ యింటివారి కేమి యూరట?

కావున మేము చెప్పున దిది. ఇంజనులో వింత చప్పుడు, దారిలో ఆగుట, చమురు త్వరగా తగ్గుట జరిగినచో, తేదీయు, బండి తిరిగిన కిలోమీటర్లును పాలలెక్క వ్రాసినట్లే వ్రాసి యుంచుడు. మరమ్మతు రసీదు పాఱవేయకుడు. సర్వీసునకు ఇచ్చునపుడు, ఈ ఛాసిస్ నంబరు గల బండికి రీకాల్ ఏదైన నున్నదా యని యడిగి వ్రాతమూలకముగ జవాబు పొందుడు. కంపెనీకి లేఖ వ్రాయుటయే గాక, కేంద్ర రవాణా శాఖవారి వాహన్ పోర్టలులోను ఫిర్యాదు నమోదు చేయుడు. 1915 నంబరున వినియోగదారుల సహాయము దొరకును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, మీరు నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. కంపెనీ యున్న యూరికి పరుగెత్త నక్కఱలేదు.

పైన జెప్పిన ముగ్గురు స్త్రీలును ఇప్పుడు తమ కాగితములన్నియు కూర్చి, వేఱువేఱుగ మూడు ఫిర్యాదులు పంపిరి. ఫలిత మింకను రాలేదు. ముగ్గురు చాలరని వారికి తెలియును, అందుకే ఏ శుభకార్యమునకు పోయినను "మీ కారు ఏది? ఎప్పుడైన ఆగినదా?" యని యడుగుచున్నారు. చూచువారు నవ్వుచున్నారట. నవ్వనిండు. పేరంటమున నగలను గూర్చి యడుగుటకు సిగ్గుపడని మనము, బిడ్డల ప్రాణములను గూర్చి యడుగుటకు సిగ్గుపడనేల?