బూట్ స్టేజి అంటే బూట్లు కాదు: అగ్రికల్చర్ పిల్లల ఇంగ్లీషు గోల

ముందే చెప్పేస్తున్నా. ఇది "అయ్యో తెలుగు చచ్చిపోతోంది" అనే టపా కాదు. "ఇంగ్లీషు రాకపోతే బతుకు లేదు" అనేదీ కాదు. ఈ రెండు గుంపులూ ఇరవై ఏళ్ళుగా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ మధ్యలో నలిగిపోతున్న ఒక కుర్రాడి గురించి ఎవరూ మాట్లాడట్లేదని ఇది రాస్తున్నా.

ఆ కుర్రాడు ఊళ్ళో సర్కారు బళ్ళో తెలుగు మీడియంలో చదివాడు. ఎంట్రన్స్ రాసి, ర్యాంకు తెచ్చుకుని, అగ్రికల్చర్ బీఎస్సీలో చేరాడు. నారుమడి ఎలా పొయ్యాలో, దమ్ము ఎప్పుడు చెయ్యాలో, తాలు ఎందుకు పోతుందో వాడికి మన ఆఫీసులో ఉన్న అందరికన్నా ఎక్కువ తెలుసు. కానీ మొదటి సెమిస్టరు అయ్యేలోపే తన చేనే తనకి పరాయిదైపోతుంది. నేరం ఇంగ్లీషుది కాదు, ఆ ఇంగ్లీషుని నేర్పే తీరుది.

ఉదాహరణకి బూట్ స్టేజి. మనకి బూట్ అంటే సిస్టమ్ ఆన్ అవడం. వాడి పుస్తకంలో బూట్ స్టేజి అంటే వరి పొట్ట మీద ఉండటం. కంకి ఇంకా బయటికి రాకుండా ఆకు తొడుగులో ఉంటుందే, ఆ దశ. పొట్ట దశ అంటే ఏమిటో వాడు పుట్టినప్పటి నుంచీ ఎరుగును. బూట్ అంటే తెలీదు, అంతే. లాడ్జింగ్ అంటే లాడ్జిలో దిగడం కాదు, గాలివానకి చేను పడిపోవడం. ఇయర్ అంటే చెవి కాదు, కంకి. డెడ్ హార్ట్ అంటే గుండెపోటు కాదు, కాండం తొలిచే పురుగు పడి మొవ్వు ఎండిపోవడం. టిల్లర్ అంటే ఊళ్ళో అద్దెకి తిప్పే యంత్రం అనుకుంటాడు, పుస్తకంలో అది వరి పిలక. టాప్ డ్రెస్సింగ్ అంటే పైపాటుగా యూరియా చల్లడం. "అప్లై" అనగానే మనందరికీ ఉద్యోగం గుర్తొస్తుంది, వాడి పుస్తకంలో ఎరువుని అప్లై చేస్తారు.

వీటిలో ఒక్కటి కూడా కష్టమైన మాట కాదు. అన్నీ చిన్న చిన్న, రోజువారీ ఇంగ్లీషు మాటలే. వాటి పొలం అర్థం చెప్పేవాళ్ళు లేకపోవడమే సమస్య. ఇంకో సంగతి, ఈ అర్థాల్లో చాలావాటికి పొలమే సొంతూరు. నెట్‌వర్కింగులో మనం బ్రాడ్‌కాస్ట్ అంటామే, అది మొదట విత్తనాలు వెదజల్లడానికి ఉన్న మాట. రేడియో వాళ్ళు రైతు దగ్గర అప్పు తెచ్చుకున్నారు, మనం రేడియో వాళ్ళ దగ్గర. ట్రీ, రూట్, బ్రాంచ్, లీఫ్, నోడ్, ఫీల్డ్... మన డేటా స్ట్రక్చర్స్ పుస్తకం సగం చెట్టూ చేమే. నోడ్ అంటే కణుపు. చెరుకు గడ చేతిలో పెట్టి చూపిస్తే పది సెకన్లలో అర్థమయ్యే మాట అది.

సరే, మరి కాలేజీలో వాడికి ఏం నేర్పుతూ వచ్చారు? ఐసీఏఆర్ వారి ఐదవ డీన్స్ కమిటీ సిలబస్ 2016లో వచ్చింది. కొత్తది వచ్చేదాకా దేశం మొత్తానికి అదే ఉండేది. అందులో ఇంగ్లీషుకి రెండు క్రెడిట్లు, ఒకటి థియరీ, ఒకటి ప్రాక్టికల్. పాఠాల్లో బెర్నార్డ్ షా ఉన్నాడు. క్రీడాస్ఫూర్తి మీద ఒక వ్యాసం ఉంది. తర్వాత పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, యాక్టివ్ వాయిసు, పాసివ్ వాయిసు, బయోడేటా రాయడం, ఇంటర్వ్యూ. ఇక వొకాబ్యులరీ పెంచుకోడానికి అభ్యాసాలు దేని ఆధారంగా ఉండాలట? టోఫెల్, జీఆర్ఈ, ఇతర పోటీ పరీక్షల ఆధారంగా!

ఒక్కసారి ఆలోచించండి. ప్రభుత్వం డబ్బు పెట్టి చదివించే వ్యవసాయ డిగ్రీలో, ఊళ్ళో రైతుకి సలహా చెప్పాల్సిన పిల్లాడికి, ఇంగ్లీషు మాటల కొలబద్ద అమెరికా వెళ్ళే పరీక్ష. మనలో చాలామంది జీఆర్ఈ వర్డ్ లిస్టు బట్టీ కొట్టినవాళ్ళమే. అందులో వరి దుబ్బు ఎక్కడైనా కనపడిందా? బెర్నార్డ్ షా మీద నాకేం కోపం లేదు. కానీ రెండు క్రెడిట్లు అంటే వారానికి ఒక క్లాసు, ఒక ప్రాక్టికల్. ఆ కాస్త టైములో షాకి చోటుండి, పురుగుమందు డబ్బా మీద రాసినదానికి చోటు లేకపోతే ఎలా? 2024లో ఆరవ డీన్స్ కమిటీ రిపోర్టు వచ్చింది, మంచిదే. కానీ పాత సిలబస్ చదివి బయటికొచ్చిన బ్యాచ్‌లే ఇవాళ మండలాల్లో ఉద్యోగాలు చేస్తున్నాయి.

డబ్బా సంగతి ఊరికే అనలేదు. మన దేశంలో పురుగుమందు డబ్బా మీద నాలుగు రంగుల్లో ఏదో ఒక త్రికోణం ఉండాలి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, విషం తీవ్రతని బట్టి. 1971 నాటి నిబంధనలు అవి. లోపల ఇచ్చే కరపత్రంలో హిందీ, ఇంగ్లీషుతో పాటు ప్రాంతీయ భాష కూడా ఉండాలి. ఆ అక్షరాలు ఎంత సైజులో ఉంటాయో డబ్బా చూసిన వాళ్ళకి తెలుసు. దాన్ని చదివి చెప్పాల్సినవాడు మన అగ్రికల్చర్ కుర్రాడే. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకి ఒక విస్తరణాధికారి అని లెక్క పెట్టుకున్నారు. ఆ ఒక్కడూ "వెయిటింగ్ పీరియడ్" అనే మాట దగ్గర రైలు టికెట్టు గుర్తు తెచ్చుకుంటే ఐదు వేల ఎకరాలకీ అదే గతి. మందు కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలో చెప్పే మాట అది.

2017లో మన ఆదిలాబాద్‌ని ఆనుకునే ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం పీల్చి ఇరవై మంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటికీ ఇంగ్లీషే కారణం అనేంత అమాయకుణ్ణి కాదు. కానీ డబ్బాకీ మనిషికీ మధ్య చదివి చెప్పేవాడు ఒకడు గట్టిగా నిలబడాలా వద్దా? ప్రాణాల సంగతి అలా ఉంచి డబ్బు సంగతే చూడండి. అగ్గి తెగులుకి వాడే ట్రైసైక్లజోల్ అవశేషాల పరిమితిని యూరోపియన్ యూనియన్ 2018 నుంచి కిలోకి 0.01 మిల్లీగ్రాములకి కుదించింది. మన బియ్యం అక్కడి రేవులో ఆగిపోవాలా వద్దా అనేది ఇంగ్లీషులో రాసిన ఒక పట్టిక తేలుస్తుంది.

ఇప్పుడు గ్రామర్. మనందరికీ పాసివ్ వాయిసు ఎలా చెప్పారు? రాముడు రావణుణ్ణి చంపెను, రావణుడు రాముడిచే చంపబడెను. ఇంట్లో ఎవరైనా "చంపబడెను" అంటారా? అసలు సూత్రం మన నోట్లోనే ఉంది. "పొలంలో మట్టి నమూనాలు తీశారు" అంటాం. ఎవరు తీశారు? అనవసరం కాబట్టి చెప్పం. ల్యాబ్ రికార్డులో "సాయిల్ శాంపిల్స్ వర్ కలెక్టెడ్" అనేది సరిగ్గా అదే పని చేస్తుంది. ఇది ఒక్కటి చెప్తే పాసివ్ వాయిసు ఒక పూటలో వస్తుంది.

అలాగే "నిన్న మందు కొట్టిన చేను". మనకి విశేషణం ముందొస్తుంది, చేను చివరికొస్తుంది. ఇంగ్లీషులో తిరగబడుతుంది: "ద ఫీల్డ్ దట్ వజ్ స్ప్రేడ్ ఎస్టర్‌డే". "అన్‌లెస్" అంటే మన "తే తప్ప": పురుగు ఆర్థిక నష్ట పరిమితి దాటితే తప్ప మందు కొట్టొద్దు. మొదటి సంవత్సరం కుర్రాడికి చెయ్యగలిగిన గ్రామర్ అంతా ఇలాంటి పాతిక పొలం వాక్యాల్లో సర్దేయొచ్చు. ఈ వాక్యాలు రామరావణ యుద్ధంలో దొరకవు, చేలో దొరుకుతాయి.

ఇదంతా కొత్తగా కనిపెట్టక్కర్లేదు కూడా. ఏ వృత్తికి ఆ వృత్తికి కావలసిన ఇంగ్లీషు నేర్పే శాఖ ప్రపంచంలో 1960ల నుంచీ ఉంది. పైగా మన తార్నాకలోనే, ఉస్మానియా క్యాంపస్ పక్కనే, ఇంగ్లీషు ఎలా నేర్పాలో పరిశోధించడానికని 1958లో ఒక సంస్థ పెట్టారు. పాతవాళ్ళకి సీఫెల్, 2007 నుంచి ఇఫ్లూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం. విదేశాంగ శాఖ వారి ఐటెక్ పథకం కింద పరాయి దేశాల ఉద్యోగులు ఇక్కడికి వచ్చి ఇంగ్లీషు నేర్చుకుని వెళ్తారు. చాలా సంతోషం. అంత విద్య ఉన్న ఊళ్ళోనే, ఆ చివర రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండు చోట్లా ఉన్న తెలివి కలిసి ఒక పుస్తకమై ఆ కుర్రాడి చేతికి రావాలని అడగడం అత్యాశా?

తార్నాక అంటే తార్, నాకా, అంటే తీగ కంచె వేసిన చౌకీ అని చెప్పుకుంటారు. చౌకీ దగ్గర దారి చూపించొచ్చు, ఆపేయొచ్చు కూడా. మన కాలేజీల్లో ఇంగ్లీషు చాలాకాలంగా రెండో పనే చేస్తోంది.

ఆ పక్కనే ఉన్న ఉస్మానియా చరిత్ర కూడా గుర్తు చేసుకోవాలి. 1918లో అది మొదలైంది ఉర్దూ మీడియంతో. అంతకు ముందు ఏడే అనువాద శాఖ ఒకటి పెట్టి సైన్సు, వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలు ఉర్దూలోకి దించారు. ఇంగ్లీషు మాత్రం తప్పనిసరి సబ్జెక్టు. అప్పటి తెలుగు పిల్లలకి ఉర్దూ కూడా పరాయిదే, ఆ అన్యాయం వేరే కథ. నేను చెప్పేది పద్ధతి గురించి: సబ్జెక్టు ఒక భాషలో, ఇంగ్లీషు విడిగా గట్టిగా. ఉక్రెయిన్ అగ్రికల్చర్ కాలేజీల్లో ఇప్పటికీ ఇదే తీరు. చదువు ఉక్రేనియన్‌లో, వృత్తికి కావలసిన ఇంగ్లీషు వేరే సబ్జెక్టుగా. ఇంగ్లీషు మీడియం లేకుండానే వాళ్ళ పొద్దుతిరుగుడు నూనె మన వంటింటి దాకా వచ్చింది. 2022లో అక్కడ యుద్ధం మొదలైతే ఇక్కడ నూనె ప్యాకెట్టు ధర ఏమైందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక మీరు అనబోయేవి నాకు తెలుసు.

"ఇప్పుడు సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియమే కదా, సమస్య తీరిపోయింది" అంటారు. ఆంధ్రలో 2019లో జీవో ఇస్తే కోర్టుకెక్కింది, తెలంగాణలో 2022-23 నుంచి మొదలుపెట్టారు. మీడియం మార్చితే సమస్య తీరదు, తిరగబడుతుంది. రేపొచ్చే పిల్లాడికి బ్లాస్ట్ తెలుస్తుంది, అగ్గి తెగులు తెలీదు. గాల్ మిడ్జ్ తెలుస్తుంది, ఉల్లికోడు తెలీదు. వరి పిలక ఉల్లికాడలా గొట్టమైపోతుంది కాబట్టి ఉల్లికోడు. చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది కాబట్టి సుడిదోమ. ఈ పేర్లు పెట్టిన రైతు ఏ శాస్త్రవేత్తకీ తీసిపోడు. ఆ పేరు తెలియని ఆఫీసరు పొలం గట్టు మీద నిలబడి ఎవరితో మాట్లాడతాడు?

"అసలు ఇంగ్లీషెందుకు, అంతా తెలుగులోనే చెప్పాలి" అంటారు రెండో గుంపు వాళ్ళు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972 నుంచీ ఉంది. అక్కడి పరిశోధన ఏ భాషలో వస్తుంది? ఆ పేపరు చదవలేనివాడు ఎప్పటికీ ఎవరో చెప్పింది వినాల్సిందే. రైతు బిడ్డకి ఇంగ్లీషు వద్దనేవాళ్ళ పిల్లలు ఏ బళ్ళో చదువుతున్నారో ఒకసారి కనుక్కోండి.

"ఇప్పుడు ఏఐ ఉంది, అదే అనువాదం చేసేస్తుంది" అనేది మనవాళ్ళ మాట. మనం ఆ ఫీల్డులో ఉన్నవాళ్ళం, మనమే ఇలా అంటే ఎలా? మెషిన్‌కి బూట్ అంటే పొట్ట దశ అని ఎవరో ఒకరు తెలుగులో రాసిపెట్టి ఉంటేనే తెలుస్తుంది. మనం రాయం, అది మాత్రం నేర్చేసుకోవాలి! పైగా అది తప్పు చెప్తే పట్టుకోవడానికి రెండు భాషలూ వచ్చిన మనిషే కావాలి. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి ఏదీ పంపం కదా. ఇక్కడ ప్రొడక్షన్ అంటే ఒకడి పొలం, ఒకడి ఊపిరితిత్తులు.

కాబట్టి నేనడిగేది ఇంతే. ఇంగ్లీషు క్లాసులో టోఫెల్, జీఆర్ఈ మాటల బదులు పొలం మాటలు పెట్టండి. నారు నుంచి నూర్పిడి దాకా, ప్రతి దశకీ ఇంగ్లీషు మాట, దాని పక్కనే ఊరి మాట. బోరు, స్టార్టరు, కరెంటు, పంపు, ట్యాంకు లాంటివి రైతుకి వచ్చిన ఇంగ్లీషే, అక్కణ్ణించి మొదలుపెట్టండి. పరీక్షలో ఒక డబ్బా లేబులు ఇచ్చి, రైతుకి తెలుగులో చెప్పమనండి. ఒక రైతు చెప్పిన బాధని తెలుగులో వినిపించి, ఇంగ్లీషులో రిపోర్టు రాయమనండి. రెండు వైపులా నడవగలిగితేనే మార్కులు.

మన వంతు కూడా ఉంది. మనలో సగం మంది వ్యవసాయ కుటుంబాల వాళ్ళమే. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఫొటోలు ఎలాగూ తీస్తాం. ఈసారి నాన్ననో పెదనాన్ననో కూర్చోబెట్టి పురుగులు, తెగుళ్ళు, పనిముట్లు, పంట దశలు, మీ ఊళ్ళో ఏమంటారో ఒక ఎక్సెల్ షీటులో రాసుకు రండి. గోదావరిలో ఒకటంటారు, పాలమూరులో ఇంకోటంటారు, రెండూ రాయండి. ఎదురుగా ఇంగ్లీషు మాట నింపే పని అగ్రికల్చర్ చదివిన వాళ్ళు చేస్తారు. కుర్రాడి చేతిలో పుస్తకమయ్యేదీ అదే, రేపు మెషిన్‌కి నేర్పాల్సిందీ అదే. మన పెదనాన్నల తరం వెళ్ళిపోయాక ఆ కాలమ్ నింపడానికి మాత్రం ఎవరూ ఉండరు.