పొటాష్: ధర కన్నా ముందు టన్నులు చూడాలి

ఇద్దరే అమ్మకందార్లున్న సరుకులో ధర వారి గుప్పిట్లో ఉంటుందని బజారులో చాలామంది నమ్మకం. ఆ ఇద్దరూ పోటీకి దిగితే ధర నేలకంటుతుందని మరికొందరి వాదన. రెండూ సరికావని నా అభిప్రాయం. ఇందుకు పొటాష్ వ్యవహారమే సాక్ష్యం.

మనకు కావలసిన మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఓడల మీద రావలసిందే. 2013 వరకు రష్యాలోని ఉరల్‌కలి, బెలారస్‌లోని బెలారుస్కలి తమ సరుకును ఒకే అమ్మకపు సంస్థ ద్వారా ఎగుమతి చేసేవి. ప్రపంచ ఎగుమతుల్లో ఆ రెంటి వాటా సుమారు 40 శాతం. 2013 జూలై 30న ఉరల్‌కలి ఆ ఏర్పాటు నుంచి తప్పుకుంది. ఇకమీదట ఎక్కువ టన్నులు అమ్మడమే తమ విధానమన్నది. టన్ను 400 డాలర్ల దగ్గరున్న ధర 300 లోపుకు దిగవచ్చని తానే చెప్పింది. ఆగస్టులో ఆ కంపెనీ ముఖ్య అధికారిని మిన్స్క్‌లో అరెస్టు చేశారు. వ్యాపారపు తగాదా అంతదాకా పోయింది!

తన సరుకు ధర పడుతుందని తెలిసీ ఎవరైనా ఇలా చేస్తారా? లెక్క వేసి చూడండి. ఒకే బజారుకు నీళ్లమ్మే రెండు ఊటల యజమానులను తీసుకుని 1838లో కూర్నో అనే ఫ్రెంచి గణిత పండితుడు చూపిన లెక్క ఇది. అంకెలు మాత్రం నావి. ఖర్చు ఏమీ లేదనుకుందాం. లోడే రాకుంటే ధర 120 రూపాయలు. వచ్చిన ప్రతి లోడుకూ ఒక్కో రూపాయి దిగుతుంది.

ఇద్దరూ మాటపై నిలబడి చెరి 30 లోడ్లు పంపితే ధర 60, చెరి 1,800 రూపాయలు. ఒకరు మాట తప్పి 40 పంపారు. ధర 50కి దిగినా ఆయన చేతికి 2,000 వచ్చాయి. మాట మీదున్నాయనకు 1,500. రెండో ఆయన ఊరుకుంటాడా? తానూ 40 పంపుతాడు. ధర 40, ఒక్కొక్కరికి 1,600. పతనం అక్కడ ఆగుతుంది. అవతలివారు 40 దగ్గరే ఉండగా ఇవతలివారు మరో 10 పెంచినా, 10 తగ్గించినా మిగిలేది 1,500 మాత్రమే.

పొటాష్‌లో కెనడా సరుకు కూడా ఉంది గనుక లెక్క ఇంత నిక్కచ్చిగా సరిపోదు. ధోరణి మాత్రం ఇదే. 2013 మొదటి భాగంలో చైనా 400 డాలర్లకు కొన్నది. 2014 జనవరిలో ఉరల్‌కలితో 305కి ఒప్పందం చేసుకుంది. ధర పడింది, నేలకంటలేదు. మనవాళ్లకు ఆ తగ్గింపు పూర్తిగా అందుతుందనుకునే సమయానికే, 2013 ఆగస్టులో, డాలరు 68 రూపాయలు దాటింది. అది వేరే కథ.

మన డీలర్లు ధరల పట్టిక కోసమే కాచుకుని ఉంటారు. ఏ కంపెనీ ఏ గనిని ఆపింది, ఈ ఏడాది ఎన్ని టన్నులు తీస్తామన్నది అనే వార్తను లోపలి పేజీల్లో వదిలేస్తారు. 2013లో టన్నుల ప్రకటన జూలైలోనే వచ్చింది. చైనా కొత్త ధర జనవరికి గాని తేలలేదు. పాత ధర సరుకును గోదాముల్లో పెట్టుకున్నవారికి మధ్యలో దాదాపు ఆరు నెలల వ్యవధి దొరికింది.