అందరినీ ‘నువ్వు’ అన్న దేశం

స్టాక్‌హోమ్‌లోని ఆరోగ్య శాఖ కేంద్ర కార్యాలయానికి 1967 వేసవిలో కొత్త డైరెక్టర్ జనరల్ వచ్చారు. పేరు బ్రూర్ రెక్సెడ్. స్వతహాగా శాస్త్రవేత్త. వెన్నుపాములోని బూడిదరంగు పదార్థాన్ని పది పొరలుగా విభజించి చూపిన ఆయన పేరును వైద్య విద్యార్థులు ఇప్పటికీ పరీక్షల కోసం బట్టీ పడుతుంటారు. అయితే స్వీడన్ జనం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది వెన్నుపాము వల్ల కాదు. పదవిలోకి వస్తూనే ఆయన సిబ్బందికి ఒక మాట చెప్పారు. ఇకపై తాను అందరినీ పేరుతో, ‘నువ్వు’ అనే పిలుస్తానని, తననూ అలాగే పిలవాలని. మన సచివాలయంలో ఒక ముఖ్య కార్యదర్శి తన అటెండరుతో, ‘సార్ వద్దు, నువ్వు అను చాలు’ అన్నట్టు ఊహించుకుంటే ఆ మాట బరువు తెలుస్తుంది.

స్వీడన్ అనగానే మనకు నోబెల్ బహుమతులు, బోఫోర్స్ ఫిరంగులు, వోల్వో బస్సులు గుర్తొస్తాయి. 2018లో హైదరాబాద్‌లో తొలి దుకాణం తెరిచాక ఐకియా కూడా ఆ జాబితాలో చేరింది. సమానత్వానికి పెట్టింది పేరైన ఆ దేశంలో అరవై ఏళ్ల క్రితం దాకా ఎదుటి మనిషిని ఏమని పిలవాలన్నది పెద్ద చిక్కు ప్రశ్న అంటే నమ్మడం కష్టం. స్వీడిష్ భాషలో ‘డు’ అంటే నువ్వు. ఇంట్లోవారిని, స్నేహితులను, పిల్లలను మాత్రమే అలా అనాలి. మిగతావారిని హోదాతో పిలవాలి. అది కూడా ఎదురుగా లేని మనిషి గురించి మాట్లాడుతున్నట్టుగా. డాక్టరుకు కాఫీ ఇవ్వాలంటే ఆ డాక్టరు ముందే నిలబడి ‘డాక్టరు గారు కాఫీ తీసుకుంటారా?’ అనాలి. ఆ తర్వాత ప్రతి వాక్యంలోనూ మళ్లీ మళ్లీ ‘డాక్టరు గారు’ రావాల్సిందే. భార్యలకు భర్త హోదాయే దిక్కు. ప్రొఫెసరు భార్యకు, కల్నల్ భార్యకు, డాక్టరు భార్యకు వేర్వేరు బిరుదులుండేవి. టెలిఫోన్ డైరెక్టరీలోనూ పేరు పక్కన హోదా అచ్చయ్యేది.

మరి ఎదుటివారి హోదా తెలియకపోతే? అసలు హోదాయే లేనివారైతే? మనం ‘మీరు’ అని గట్టెక్కుతాం. వాళ్లకూ ‘ని’ అనే బహువచనం ఉంది. కానీ దాని కథ అడ్డం తిరిగింది. హోదా ఉన్నవారికి హోదా వాడి, లేనివారికి ‘ని’ వాడటం అలవాటై, చివరకు ఆ మాటే చిన్నచూపుకు గుర్తుగా మారింది. మనకు గౌరవమైన బహువచనం వాళ్లకు అవమానమైంది. దానికి మళ్లీ గౌరవం తేవాలని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొందరు ఉద్యమించినా జనం ఒప్పుకోలేదు. దాంతో ఎవరినీ ఏమీ అనకుండా మాట్లాడే విద్య ఒకటి పుట్టింది. ‘కాఫీ తాగడం జరుగుతుందా?’, ‘ఏం కావలసి ఉంది?’ అన్న ధోరణిలో కర్త లేని వాక్యాలతో కాలక్షేపం చేసేవారు.

నవ్వుకునే ముందు మన రైలు ప్రయాణాలు గుర్తుచేసుకోవాలి. ఎదుటి సీట్లో కుర్రాడు కూర్చుంటే, నువ్వు అనాలో మీరు అనాలో తేలక, ‘ఎందాకా ప్రయాణం?’, ‘ఏం చదువు?’, ‘భోజనం అయిందా?’ అని మనం అడగడం లేదూ? కులం, ఉద్యోగం, వయసు తేలేదాకా కర్తను దాచిపెట్టే నేర్పు స్వీడిష్ వాళ్లకంటే మనకేం తక్కువ కాదు.

పరిచయం పెరిగాక ‘డు’ అనుకోవడానికీ ఒక తంతు ఉండేది. దాన్ని బిరుదులు పక్కన పెట్టడం అనేవారు. వయసులోనో హోదాలోనో పెద్దవారే ప్రతిపాదించాలి. ఇద్దరూ గ్లాసులెత్తి తాగాలి. అప్పటి నుంచి ఏకవచనం చెల్లుతుంది. చిన్నవాడు ముందు చొరవ తీసుకుంటే మర్యాద తప్పినట్టే.

ఈ వ్యవస్థంతా చూస్తుండగానే కూలిపోయింది. రెక్సెడ్ దానికి ఆద్యుడు కాదు. కొన్ని ఆఫీసుల్లో, విశ్వవిద్యాలయాల్లో, కార్మిక సంఘాల్లో అప్పటికే ‘డు’ పాకుతోంది. ఆయన అధికార ముద్ర వేశారు, అంతే. 1969లో ప్రధాని అయిన ఓలోఫ్ పామే టెలివిజన్ ఇంటర్వ్యూలో విలేకరితో పరస్పరం ‘డు’ అనుకోవడం దేశమంతా చూసింది. మన ఢిల్లీలో ఒక రోడ్డుకు ఆయన పేరుంది. 1986లో అంగరక్షకులు లేకుండా సినిమా చూసి భార్యతో నడిచి ఇంటికి వెళ్తుండగా హత్యకు గురైన నాయకుడాయన. 1970లు ముగిసేసరికి పిల్లలు టీచర్లను, రోగులు డాక్టర్లను, ఉద్యోగులు యజమానులను పేరుతో పిలవడం మామూలైపోయింది. మిగిలిన ప్రధాన మినహాయింపు రాజకుటుంబం.

చట్టం చేయకుండానే ఇది ఎలా నిలిచింది? ఫ్రాన్స్‌తో పోల్చి చూస్తే సమాధానం దొరుకుతుంది. 1793లో ఫ్రెంచి విప్లవకారులు కూడా బహువచనాన్ని తరిమేసి అందరూ ‘తు’ అనుకోవాలన్నారు. కొన్నేళ్లకే ‘వు’ తిరిగొచ్చింది, నేటికీ ఉంది. అక్కడ ముందు మాట మారింది, బతుకు మారలేదు. స్వీడన్‌లో ముందు బతుకు మారింది. 1948లో ప్రతి వృద్ధుడికీ పింఛను, ప్రతి బిడ్డకూ భత్యం వచ్చాయి. 1962లో ధనిక, పేద పిల్లలందరికీ తొమ్మిదేళ్ల ఉమ్మడి పాఠశాల విధానం ఖరారైంది. ఒకే బడిలో చదివి, ఒకే ఆసుపత్రికి వెళ్లేవారి మధ్య పాత పిలుపులు ఇబ్బందిగా, కాస్త హాస్యంగా తోచాయి. లోపల కుళ్లిపోయిన చెట్టును రెక్సెడ్ తోశారు, పడిపోయింది.

అలాగని స్వీడన్‌ను స్వర్గమనుకోనక్కర్లేదు. యజమానిని పేరుతో పిలిచినంత మాత్రాన ఆయన యజమాని కాకుండా పోడు. ‘వీలైతే దీన్ని ఒకసారి చూస్తావా?’ అని స్నేహితుడిలా అడిగితే అది ఆజ్ఞేనని గ్రహించడానికి బయటినుంచి వెళ్లినవారికి సమయం పడుతుంది. ఎరిక్సన్ కొలువైన, మన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు పరిచయమైన షీస్తా ప్రాంతం స్టాక్‌హోమ్ శివార్లలో ఉంది. దాని పక్కనే వలసదారులు ఎక్కువగా ఉండే హుస్బీ. 2013 మేలో అక్కడ పోలీసు కాల్పుల్లో ఒక వృద్ధుడు మరణించాక రోజుల తరబడి కార్లు తగలబడ్డాయి. ఆ పోలీసులూ, ఆ యువకులూ ఒకరినొకరు ‘డు’ అనే అనుకుంటారు. భాషలో గోడ లేకపోయినా ఊళ్లో గోడ ఉండొచ్చు. పైగా 1980ల నుంచి దుకాణాల్లో కుర్ర ఉద్యోగులు మర్యాద అనుకుని ‘ని’ అనడం మొదలుపెట్టారు. పాత తరానికి అది చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇక మన సంగతి. బిరుదుల రద్దు మనకూ కొత్త కాదు. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం ఏ బిరుదూ ఇవ్వరాదని రాజ్యాంగం 18వ అధికరణ చెబుతుంది. 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ‘మై లార్డ్’ సంబోధనకు స్వస్తి చెప్పాలని తీర్మానించింది. 2012లో ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతి భవన్ వ్యవహారాల్లో ‘హిజ్ ఎక్సలెన్సీ’ వాడకాన్ని తగ్గించారు. అయితే ఇవన్నీ పైస్థాయి సంస్కరణలు. మన అసలు బిరుదులు కింద ఉన్నాయి. పదేళ్ల ఆసామి కొడుకు అరవై ఏళ్ల పాలేరును ‘ఏరా’ అంటే ఆ ముసలాయన ‘అయ్యా’ అనే ఊళ్లు మనవే. ‘బాంచన్ దొరా’ అనే మాట వదిలించుకోవడానికి తెలంగాణ రైతాంగం 1946 నుంచి అయిదేళ్లు పోరాడాల్సి వచ్చింది. మొగుడికి ‘మీరు’, పెళ్లానికి ‘నువ్వు’ అన్న లెక్క చాలా ఇళ్లలో ఇప్పటికీ చెదరలేదు. హైదరాబాద్ ఐటీ కార్యాలయంలో ఇంగ్లీషు మాట్లాడినంతసేపూ అందరూ ‘యూ’లే. లిఫ్టు దగ్గర సెక్యూరిటీ గార్డుతో తెలుగులోకి దిగగానే తూకం బయటికొస్తుంది.

మనమూ అందరినీ ‘నువ్వు’ అందామా? అక్కర్లేదు. మనకు ‘నువ్వు’ తిట్టూ కాదు, ‘మీరు’ ఒక్కటే మర్యాదా కాదు. అమ్మను, దేవుణ్ణి ‘నువ్వు’ అనే భాష ఇది. తెలంగాణలో, ఉత్తరాంధ్రలో ఆప్యాయతంతా ఏకవచనంలోనే ఒలుకుతుంది. చిక్కు మాటలో లేదు, ఒకవైపే నడిచే దారిలో ఉంది. నేను నిన్ను ‘నువ్వు’ అంటాను, నువ్వు మాత్రం నన్ను ‘మీరు’ అనాలి అన్నప్పుడే అది బిరుదవుతుంది. స్వీడన్ వాళ్లు అందరినీ కిందికి దించి సమానం చేశారు. స్వీడన్‌లో పరువు పోగొట్టుకున్న బహువచనం మన దగ్గర ఇంకా బతికే ఉంది కాబట్టి, మనం అందరినీ పైకెత్తి సమానం చేయొచ్చు. ఆటో నడిపే ఆయనకు, చెత్త బండి తెచ్చే ఆమెకు ఒక ‘మీరు’, పేరు తర్వాత ఒక ‘గారు’. దానికి ఖర్చేమీ లేదు.

ఖర్చు లేకపోవడమే దానిలోని లోపం కూడా. పనిమనిషిని ‘గారు’ అని, వారానికి ఒక రోజు సెలవు మాత్రం ఇవ్వకపోతే అది ఫ్రాన్స్ విప్లవమే అవుతుంది. స్వీడన్‌లో పింఛను, బడి, ఆసుపత్రి ముందు వచ్చాయి, పిలుపు వాటి వెనక నడిచింది. ఆమె జీతం, సెలవు, జబ్బు చేస్తే చూపించే డాక్టరు గురించి మాట్లాడటానికి సిద్ధపడ్డవారికే ‘మీరు’ అనే హక్కు వస్తుంది. అప్పటిదాకా కనీసం మన పిల్లలు ఆమెను ఏమని పిలుస్తున్నారో చెవిన వేసుకోవచ్చు. వాళ్లు ఆ మాట నేర్చుకున్నది బడిలో కాదు.