దూరపు కొండల నునుపు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకాస్టర్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడి పచ్చని పొలాల నడుమ గుర్రపు బగ్గీలు నింపాదిగా సాగిపోతుంటాయి. పురుషులు గడ్డాలు పెంచి, వెడల్పాటి అంచుల టోపీలు ధరిస్తారు. స్త్రీలు నిరాడంబరమైన దుస్తులతో, కప్పిన శిరస్సులతో కనిపిస్తారు. వీరే ఆమిష్ ప్రజలు. యంత్రయుగపు వేగానికి అలసిన యాత్రికులకు ఈ దృశ్యం భూతలస్వర్గంగా తోచడం సహజం. 1985లో వచ్చిన ‘విట్‌నెస్’ అనే హాలీవుడ్ చలనచిత్రం ఈ ఊహకు మరింత రంగులద్దింది. అయితే దూరపు కొండలు నునుపు. దగ్గరకు వెళ్ళి చూస్తేనే రాళ్ళూ కనిపిస్తాయి, ఊటలూ కనిపిస్తాయి.

ఆమిష్ సమాజం సుఖం వెదుక్కుంటూ ఏర్పడినది కాదు. శిశువులకు గాక, వివేకం వచ్చిన వయస్సులోనే బాప్తిస్మం ఇవ్వాలని వాదించిన క్రైస్తవులు 16వ శతాబ్దిలో ఐరోపాలో చిత్రహింసలకు, మరణదండనలకు గురయ్యారు. 1693లో ఆ సంప్రదాయం నుండి జేకబ్ అమ్మాన్ అనే మతపెద్ద అనుచరులు విడివడ్డారు. వారే ఆమిష్‌లు. 18వ శతాబ్దిలో వారు పెన్సిల్వేనియాకు వలస రాసాగారు. నేడు ఉత్తర అమెరికాలో వారి సంఖ్య 4 లక్షలకు పైబడింది.

వీరు కాలచక్రాన్ని ఆపివేశారనుకోవడం మొదటి అపోహ. వీరికి యంత్రంపై ద్వేషం లేదు. ఒక వస్తువు ఇంటికి వస్తే సమాజం కలిసి ఉంటుందా, విడిపోతుందా అన్నదే వీరి ప్రశ్న. అందుకే ఇంటిలోపల వద్దన్న టెలిఫోనును పొలం పక్కన చిన్న గదిలో ఉంచుకున్నవారున్నారు. విద్యుత్ సంస్థల తీగలను నిరాకరించి, సౌరఫలకాలను అంగీకరించిన సంఘాలున్నాయి. కట్టుబాట్లు సంఘానికీ సంఘానికీ మారుతుంటాయి. అందరూ కర్షకులే అన్నది మరొక అపోహ. కుటుంబాలు పెద్దవి, భూమి ధరలు అధికం. ఆ కారణంగా అనేకులు నాగలి విడిచి వడ్రంగంలో, గృహనిర్మాణంలో, చిన్న వ్యాపారాలలో జీవిస్తున్నారు. ఇండియానా రాష్ట్రంలో కర్మాగారాలకు వెళ్ళి పనిచేసేవారూ ఉన్నారు.

వీరి పరస్పర సహకారం నిజంగా ప్రశంసనీయం. ఒకరి పశువులశాల కాలిపోతే ఇరుగుపొరుగువారంతా చేరి తిరిగి నిలబెడతారు. 2006 అక్టోబర్ 2న నికెల్ మైన్స్ గ్రామంలో ఒక దుండగుడు పాఠశాలలో చొరబడి ఐదుగురు బాలికలను కాల్చి చంపి, తానూ ప్రాణం తీసుకున్నాడు. పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆ సమాజం అతణ్ణి క్షమించి, అతని కుటుంబాన్ని ఓదార్చింది. అంతటి క్షమాగుణం అరుదు.

మరొకవైపు, అక్కడి పిల్లల చదువు సాధారణంగా ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. మన పిల్లలు ఇంటర్మీడియట్‌లో చేరే వయస్సుకు అక్కడివారు బడి వదలి ఏదో ఒక పనిలో కుదురుకుంటారు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు వారి మతస్వేచ్ఛను గౌరవించి ఈ పద్ధతికి అనుమతినిచ్చింది. అయితే న్యాయమూర్తి విలియం డగ్లస్ పాక్షికంగా విభేదిస్తూ, పిల్లల అభీష్టాన్ని కూడా వినాలన్నారు. ఆ ప్రశ్న నేటికీ విలువైనదే. బాప్తిస్మం స్వీకరించాక సంఘాన్ని విడిచినవారిని వెలివేస్తారు. వెలి అంటే ఏమిటో మన పల్లెలకూ తెలుసు. పరిమిత సంఖ్యలోని పూర్వికుల సంతతి తమలో తామే వివాహాలు చేసుకుంటూ రావడంతో కొన్ని అరుదైన వంశపారంపర్య వ్యాధులు వారిలో అధికం. అట్టి పిల్లల చికిత్స కోసం 1989లో లాంకాస్టర్ ప్రాంతంలో ప్రత్యేక వైద్యశాల వెలసింది.

ఈ మంచికీ ఈ కష్టానికీ వేరు చాలావరకు ఒక్కటే. వ్యక్తి తన ఇచ్ఛను సమాజానికి అర్పించాలన్న విశ్వాసమే కాలిన శాలను నిలబెడుతుంది. బడి తలుపు త్వరగా మూసేదీ అదే. కనుక ఒకదానిని మాత్రమే ఏరుకొని పొగడటం న్యాయం కాదు. అట్లని ఆ జీవితాన్ని కారాగారమనడమూ సరికాదు. యువతీయువకులలో అత్యధికులు యుక్తవయస్సులో బాప్తిస్మం పొంది అక్కడే నిలిచిపోతున్నారు. వారు బొమ్మలకొలువులోని బొమ్మలు కారు. ఒక జీవనమార్గాన్ని ఎంచుకొని, దానికి తగిన మూల్యం చెల్లిస్తున్న మనుషులు. ఆ మార్గాన్నీ ఆ మూల్యాన్నీ కలిపి తెలుసుకున్నప్పుడే మన ప్రశంసకైనా, విమర్శకైనా అర్హత కలుగుతుంది.