పాత అప్‌డేట్లు: ఏది పారవేయాలి, ఏది దాచుకోవాలి?

కంప్యూటరులో చోటు చాలడం లేదన్న హెచ్చరిక కనబడగానే మనలో చాలమంది మొదట చేసే పని ఫోటోలను, పిల్లల వీడియోలను తుడిచివేయడం. నా దృష్టిలో ఇది తలక్రిందుల వ్యవహారం. మరల సంపాదించలేనివాటిని పోగొట్టుకొని, అక్కరతీరినవాటిని భద్రపరచుకొంటున్నాము.

విండోస్ వ్యవస్థ క్రొత్త అప్‌డేట్‌ను స్వీకరించినప్పుడు, మార్చిన భాగాల పాత ప్రతులను వెంటనే విసర్జించదు. క్రొత్తది వికటిస్తే వెనుకకు మళ్ళడానికి అవి కావాలి. ఇందులో తప్పు లేదు. రసాయన ప్రయోగశాలలో మేమూ ప్రతి బ్యాచి నుండి కొంత నమూనాను సీసాలో దాచి ఉంచుతాము. అయితే ఆ సీసాపై పేరు, తేదీ, ఎంతకాలం ఉంచాలన్న గడువు వ్రాసి ఉంటాయి. కంప్యూటరు దాచే సీసాలకు మనకు కనబడే చీటీ లేదు. నా ఫిర్యాదు అదే.

ఈ ప్రతులుండే చోటు విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డరు. దాని పరిమాణం చూచి, స్వయంగా తొలగించాలన్న ఉత్సాహం కొందరికి కలుగుతుంది. అది ప్రమాదం. అందులోని ఫైళ్ళు అనేకం వ్యవస్థ ఇప్పుడు వాడుకొంటున్నవే. ఒకే ఫైలు రెండు చోట్ల నమోదై ఉంటుంది. ఇంట్లో బుజ్జిగాడు, బడిలో వెంకటేశ్వర్లు అయిన ఒకే కుర్రవాణ్ణి జనాభా లెక్కలవారు ఇద్దరుగా వ్రాసుకొన్నట్లు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ దానిని రెండుసార్లు లెక్కిస్తుంది. కనబడే బరువంతా నిజమైన బరువు కాదు.

కనుక ఊడ్చే పనిని వ్యవస్థకే అప్పగించాలి. విండోస్ 7లోని డిస్క్ క్లీనప్‌కు ఈ సదుపాయం 2013 అక్టోబరులో వచ్చింది. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ విభాగంలో తాత్కాలిక ఫైళ్ళ జాబితా తెరవండి. తొలగించదగినవి ఉంటే ‘విండోస్ అప్‌డేట్ క్లీనప్’ అన్న పద్దు, దాని ప్రక్కన పరిమాణం కనబడతాయి. అదే జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డరు కూడ ఉంటుంది. అది మీ సొత్తు. దానికి టిక్కు పెట్టకండి. ఇక డిస్మ్ ఆజ్ఞకు ‘రీసెట్‌బేస్’ జోడించి ఊడ్చడం వెనుకకు మళ్ళని రసాయన చర్య వంటిది: అప్పటికి ఉన్న అప్‌డేట్లను ఆ తరువాత తొలగించలేము.

దీనికి భిన్నంగా, పూర్తి క్రొత్త వెర్షను వచ్చినప్పుడు పాత వ్యవస్థను ‘విండోస్.ఓల్డ్’ పేరుతో ఉంచి, పది రోజులకు తానే తీసివేస్తుంది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఈ గడువు నెల రోజులు, 2016లో తగ్గించారు. ప్రయాణానికి ముందురోజు క్రొత్త వెర్షను వేసుకొని, మూడు వారాలు ఇండియాలో గడిపి వచ్చినవారికి వెనుకకు దారి మూసుకొనిపోయి ఉంటుంది. గడువును 60 రోజుల వరకు పెంచే ఆజ్ఞ ఉన్నది గాని, సామాన్యుని కంటబడే చోట లేదు. ఒకచోట అడగకుండా దాచడం, మరొకచోట అడగకుండా పారవేయడం! యజమాని ఎవరన్న సందేహం కలగదా?

నా మటుకు నేను నెలవారీ అప్‌డేట్ తరువాత రెండు వారాలు ఆగి, ప్రింటరు, తెలుగు కీబోర్డు సరిగా పనిచేస్తున్నవని చూచుకొన్నాకనే క్లీనప్ జోలికి పోతాను.