విన్నవాడు ఎవరికి జవాబుదారీ?

సారా మీద రాశాను. పోడు భూముల మీద రాశాను. పెళ్ళాన్ని కొట్టే మగవాళ్ళ మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. నా మనసుకు వైద్యం చేస్తానని చెప్పి దాన్ని ఇంకా నలిపేసిన మనిషి గురించి మాత్రం ఇన్నేళ్ళూ ఒక్క ముక్క రాయలేకపోయాను. సిగ్గుపడి కాదు. "అప్పుడు నీకు మనసు సరిగ్గా లేదు కదా, నీ మాట ఎట్లా నమ్మేది?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక.

ఆలోచించి చూడండి. కాలు విరిగి ఆసుపత్రికి వెళ్ళిన మనిషి డాక్టరు మీద ఫిర్యాదు చేస్తే వింటారు. మనసు విరిగి వెళ్ళిన ఆడది ఫిర్యాదు చేస్తే, ఆ ఫిర్యాదునే ఆమె జబ్బుకు గుర్తుగా రాసుకుంటారు. మాటలతో వైద్యం చేస్తామని కూర్చునే వాళ్ళలో చెడ్డవాళ్ళ ధైర్యమంతా ఈ ఒక్కదాని మీదే నిలబడి ఉంది.

2011 వానాకాలంలో మెదడుకెక్కిన మలేరియాతో మా చిన్నమ్మాయి పోయింది. ఏజెన్సీ ఊళ్ళలో ఇది పత్రికకెక్కే వార్త కూడా కాదు. నాకు నిద్ర పోయింది, తిండి పోయింది. పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా లేచేదాన్ని కాదు. మా అత్తమ్మ తాయెత్తు కట్టించింది, కోడిని కోయించింది. "ఎర్రగడ్డకు పంపాల్సిందే" అని ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. ఒక స్నేహితురాలు జాలిపడి హైదరాబాదులో ఒక కౌన్సెలర్ పేరు చెప్పింది. భద్రాచలం నుంచి మూడువందల కిలోమీటర్ల పైచిలుకు దారి. నెలకు రెండుసార్లు రాత్రి బస్సెక్కి, పొద్దున బస్‌స్టాండులోనే ముఖం కడుక్కుని వెళ్ళేదాన్ని.

నిజం చెప్పాలి. మొదటి మూడు సిట్టింగులూ బాగున్నాయి. నా జీవితంలో ఒక మనిషి గంటసేపు నా మాట అడ్డం రాకుండా వినడం అదే మొదలు. ఆ గదిలో నేను ఎవరికీ చెప్పని మాట చెప్పుకున్నాను. పాపకు జ్వరం ఎక్కువైన రాత్రి తెల్లారేదాకా చూద్దామని ఆగింది నేనేనని, ఆ తప్పు నాదేనని ఏడ్చాను.

నాలుగోసారి నుంచి గాలి మారింది. "ఈ ఏడుపు నీ కూతురి కోసం కాదు. నీకు మగవాళ్ళంటే ద్వేషం. సంఘంలో చేరింది అందుకే" అన్నాడు. కాదండీ అన్నాను. "ఇదిగో, ఈ కాదనడమే నీ జబ్బు" అన్నాడు. ఇక నేనేం మాట్లాడేది? ఒప్పుకుంటే ఆయన చెప్పింది నిజం. ఒప్పుకోకపోతే ఇంకా నిజం. సంఘం మీటింగులు మానెయ్యమన్నాడు. అక్కలతో మాట్లాడొద్దన్నాడు. ఐదోసారి కుర్చీ నా పక్కకు జరిపాడు. ఓదారుస్తున్నానని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి భుజం దగ్గర ఆగలేదు. లేచి నిలబడ్డాను. "నమ్మకం లేని మనిషికి వైద్యం పనిచెయ్యదు" అని ఫీజు తీసుకుని పంపించాడు.

అంతటితో అయిపోలేదు. మా ఆయనకు కబురు పెట్టి విడిగా మాట్లాడాడు. ఏం మాట్లాడాడో దసరా రోజు ఇంట్లో గొడవలో తెలిసింది. "పిల్లను చంపుకున్నదానివి నువ్వే కదా" అన్నాడు మా ఆయన. నేను ఆ నాలుగు గోడల మధ్య మాత్రమే చెప్పుకున్న మాట అది. చెయ్యి వేసిన గాయం మానింది. ఈ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

నా ఒక్కదానికే ఇట్లా జరిగిందా అనుకునేదాన్ని. కాదు. ఈ వైద్యం పుట్టి పెరిగిన దేశాల్లోనే ఆడవాళ్ళు దీని మీద ఎప్పుడో నోరు విప్పారు. ఫిలిస్ చెస్లర్ 1972లో అచ్చయిన తన పుస్తకంలో, మానసిక వైద్యులు రోగులైన స్త్రీలను వాడుకుంటున్న తీరు గురించి ఒక అధ్యాయమే రాసింది. వైద్యమని నమ్మించి తనతో లైంగిక సంబంధం పెట్టుకున్న సైకియాట్రిస్టు మీద న్యూయార్కులో జూలీ రాయ్ అనే సెక్రటరీ కేసు వేసి 1975లో గెలిచింది. అమెరికా సైకాలజిస్టుల సంఘం తమ నియమావళిలో దీన్ని స్పష్టంగా నిషేధించింది 1977లో. అప్పటిదాకా ఆ ఒక్క వాక్యం రాసుకోవడానికి పెద్దమనుషులకు తీరిక దొరకలేదు! ఆడవాళ్ళు కోర్టుకెక్కాకే వాళ్ళకు నీతి గుర్తొచ్చింది.

మన దగ్గర దీనికి ఇంకో రూపం ఉంది. ఇక్కడ పెద్ద ఫీజుల గదులు తక్కువ. కౌన్సెలింగ్ అనే మాట మాత్రం ప్రతి ఆఫీసులోనూ, ప్రతి హాస్టల్లోనూ, ప్రతి పోలీసు స్టేషన్లోనూ వినిపిస్తుంది.

మా వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో ఒక కోయ పిల్లకు ఫిట్స్ లాంటివి వస్తుండేవి. ఆసుపత్రిలో చూసి ఒంట్లో జబ్బేమీ లేదన్నారు. కౌన్సెలింగ్ ఇస్తామని ఒకాయన వచ్చాడు. హాలులో పిల్లలందరి ముందూ కూర్చోబెట్టి అడిగాడు. ఆయనకు కోయ భాష రాదు. ఆ పిల్లకు తెలుగులో దుఃఖం చెప్పుకోవడం రాదు. మధ్యలో తర్జుమా చేసింది ఎవరు? వార్డెన్! ఆ పిల్ల భయపడేదే ఆమెకు. "ఎవరినైనా ప్రేమించావా?" అన్న ప్రశ్న ఒక్కటే పిల్లలందరికీ అర్థమైంది. వారం తిరక్కుండా ఆ పిల్ల బడి మానేసి ఊరికి పోయింది. తర్వాత వాళ్ళ ఇంటికి వెళితే నాతో ఒకటే అన్నది: "అక్కా, నాకు రోగం ఉన్నప్పుడు నవ్వలేదు. ఆ సారు వచ్చి పోయినంక నవ్వుతున్నరు." ఆయన రాసిన కాగితంలో మాత్రం కౌన్సెలింగ్ పూర్తయినట్టే ఉంది.

హాస్టలు పిల్లల తరఫున వార్డెన్లు తలూపడం మాకు కొత్త కాదు. 2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం పేరుతో సూదులు వేశారు. చేసింది పాత్ అనే అమెరికా సంస్థ. తోడు నిలిచింది భారత వైద్య పరిశోధనా మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం. స్త్రీల సంఘాలు గొడవ చేశాక 2010 ఏప్రిల్లో ఆపారు. పిల్లల మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చన్నది విచారణ సంఘం. సరే, అంగీకారం మాటేమిటి? పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద వార్డెన్ల, హెడ్మాస్టర్ల సంతకాలు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఒంటికి వేసే సూదికే ఆ పిల్లలను, వాళ్ళ తల్లిదండ్రులను సరిగ్గా అడగని వ్యవస్థ, మనసులోకి చెయ్యి పెట్టేటప్పుడు అడుగుతుందా?

ఇక ఫ్యామిలీ కౌన్సెలింగ్. దెబ్బలు తిని స్టేషనుకు వెళ్ళిన ఆడదాన్ని కేసు రాయకుండా ముందు కౌన్సెలింగుకు పంపుతారు. అక్కడ ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. "నువ్వు ఎదురు చెప్పావా?" "అన్నం వేళకు పెట్టావా?" "పిల్లల ముఖం చూసి సర్దుకుపో." ఇది వైద్యమా, పంచాయితీయా? గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నియమాల్లో 14వ నియమం ఏం చెబుతున్నదో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు చదివారా? చేసిన హింసకు మగవాడు ఏ సాకూ చెప్పడానికి వీల్లేదని, ఆ సంగతి కౌన్సెలింగ్ మొదలవక ముందే అతనికి చెప్పాలని అందులో ఉంది. మన దగ్గర సాకులన్నీ కౌన్సెలరే అతనికి అందిస్తాడు!

ఈ మూడు గదుల్లోనూ జరుగుతున్నది ఒకటే. బాధలో ఉన్న మనిషి తన లోపలిదంతా బయటపెడుతుంది. వినేవాడు ఏదీ బయటపెట్టడు. ఆ క్షణం నుంచి ఆమె గుట్టు అతని చేతిలో ఉంటుంది. అది అధికారం. తహసీల్దారుకున్న అధికారానికి పైన కలెక్టరున్నాడు. ఈ అధికారానికి పైన ఎవరున్నారు?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయాక దేశం కాస్త కదిలింది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. గొలుసులు వెయ్యడాన్ని, మత్తు ఇవ్వకుండా కరెంటు షాకులివ్వడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. క్రూరంగా, అవమానకరంగా చూడకుండా రక్షణ 20వ సెక్షన్లో ఉంది. గుట్టు కాపాడాలని 23వ సెక్షన్ చెబుతోంది. నమ్మకంతో వచ్చిన స్త్రీని తన హోదా అడ్డం పెట్టుకుని లోబరచుకుంటే, అది అత్యాచారం కిందికి రాకపోయినా నేరమేనని భారతీయ న్యాయ సంహిత 68వ సెక్షన్ అంటోంది. అయిదు నుంచి పదేళ్ళ శిక్ష.

మరి కంత ఎక్కడుంది? 2017 చట్టం లెక్కలోకి తీసుకున్నది సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, మానసిక వైద్య నర్సులు, సామాజిక కార్యకర్తలు లాంటి వాళ్ళను. క్లినికల్ సైకాలజిస్టు అయితే 1992 చట్టం కింద ఏర్పడ్డ పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. గుమ్మానికి కౌన్సెలర్ అని బోర్డు తగిలించుకున్నవాడిని మాత్రం ఏళ్ళ తరబడి ఎవరూ ఏమీ అడగలేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్లను కూడా పట్టికలో చేర్చింది. పట్టికలో పేరెక్కినంత మాత్రాన భద్రాచలంలో బస్సెక్కే ఆడదానికి ఒరిగేదేమిటి? ఫిర్యాదు ఎవరికివ్వాలో ఆ గది గోడ మీద రాసి ఉండొద్దా? 2014 తర్వాత చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. అక్కడి ఆడవాళ్ళు వైద్యానికి ఏరు దాటి ఈ రాష్ట్రానికే వస్తున్నారు. వాళ్ళకు అన్యాయం జరిగితే ఏ రాష్ట్రం బోర్డు తలుపు తట్టాలో చెప్పేవాళ్ళెవరు?

"మీరిట్లా రాస్తే ఆడవాళ్ళు భయపడి మళ్ళీ మంత్రగాళ్ళ దగ్గరికే పోతారు" అని మన స్నేహితులే కొందరు అంటున్నారు. ఈ మాట నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. చేతబడి అనుమానంతో మనుషులను చంపిన ప్రాంతం మాది. తర్వాత రోజుల్లో నాకు నిద్ర తెప్పించింది కూడా వైద్యమే. ఒక డాక్టరమ్మ మందులిచ్చింది, అవి ఎందుకో చెప్పింది, ఎప్పుడు ఆపొచ్చో చెప్పింది. మా ఆయన ఫోను చేస్తే "ఆమెను అడగండి" అన్నది. ఆ ఒక్క మాటతో నేను మళ్ళీ మనిషినయ్యాను. కాబట్టి వైద్యం వద్దని నేను అనడం లేదు. మంత్రగాడికీ డాక్టరుకూ తేడా ఏమిటంటే, డాక్టరును ప్రశ్నించవచ్చు. ప్రశ్నించడానికి వీల్లేని కౌన్సెలరు చేతిలో వేపమండ లేదన్నమాటే గానీ, అతనూ మంత్రగాడే.

అందుకే మన సంఘాలు ఈ కింది వాటి కోసం గట్టిగా నిలబడాలి.

కౌన్సెలింగ్ ఇచ్చే ప్రతి చోటా ఆ మనిషి చదువు, నమోదు సంఖ్య, ఫిర్యాదు చేయాల్సిన చిరునామా తెలుగులో గోడ మీద రాయాలి. ఏజెన్సీ హాస్టళ్ళలో కోయ భాష వచ్చిన స్త్రీలకు శిక్షణ ఇచ్చి నియమించాలి. వార్డెన్ తర్జుమా చేయకూడదు. పిల్ల అడిగితే తప్ప ఇంకెవరూ ఆ గదిలో ఉండకూడదు. మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డులు ఫిర్యాదులను ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలంలో వచ్చి వినాలి. ఫిర్యాదు చేసిన స్త్రీ జబ్బును ఆమె మాట చెల్లదనడానికి సాక్ష్యంగా వాడకూడదు.

ఇవి వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. 2017 చట్టం 14వ సెక్షన్ ప్రకారం, మనకు జబ్బు చేస్తే మన తరఫున ఎవరు నిలబడాలో మనమే ముందుగా రాసి పెట్టుకోవచ్చు. తెల్ల కాగితం, సంతకం లేదా వేలిముద్ర చాలు. రాసి పెట్టకపోతే ఆ స్థానం బంధువుల చేతికి పోతుంది. మొగుడే కారణమైన బాధలో మొగుడే ప్రతినిధి అవుతాడు. సంఘంలో మనం నమ్మే అక్క పేరు ఈరోజే రాసి పెట్టుకుందాం. 2009లో మన పిల్లలకు అర్థం చెప్పకుండా కాగితాల మీద వేలిముద్రలు వేయించారు. ఈసారి చదివి, తెలుసుకుని, మనంతట మనమే వేద్దాం.

నా కాగితం రాసి పెట్టుకున్నాను. మా ఆయనకు చూపించాను కూడా. చదివి ఏమీ మాట్లాడకుండా మడిచి ఇచ్చాడు.