ఫొటోలో ఉన్నాం, ఫొటో కింద పేరేది?

మన సభల ఫొటోలు ఒకసారి బయటికి తీసి చూడండి. వేదిక మీద మనమే, ముందు వరసలో మనమే, బ్యానరు పట్టుకుని నడిచేదీ మనమే. పుస్తకావిష్కరణలు, కథా వర్క్‌షాపులు, ధర్నాలు అన్నిట్లో ఉన్నాం. మరి ఆ ఫొటోలు తీసిందెవరు? ఎవరో మిత్రురాలి భర్త, ఎవరి తమ్ముడో, కాకపోతే చౌరస్తా స్టూడియో నుంచి వచ్చిన కుర్రాడు. కలం కోసం కొట్లాడాం. పత్రికలు పెట్టుకున్నాం, ప్రూఫులు మనమే దిద్దుకున్నాం, కట్టలు కట్టి పోస్టాఫీసుకు మనమే మోసుకెళ్లాం. కెమెరా దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘అన్నా, ఒక ఫొటో తియ్యవా’ అని వరసగా నిలబడ్డాం. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుంది. తెప్పించాలనే రాస్తున్నాను.

ఇంటి ఆల్బమ్ కూడా ఇంతే. 1980ల, 90ల ఆల్బమ్‌లు ఉన్న ఇళ్లలో ఒక సంగతి గమనించే ఉంటారు. నాన్న ఫొటోలు తక్కువ, అమ్మ ఫొటోలు ఎక్కువ. ‘అమ్మంటే ఎంత ప్రేమో’ అనుకుంటాం. నాన్న కనపడకపోవడానికి కారణం ఆయన కెమెరా వెనకుండటం. అమ్మ ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నవ్వాలి, ఏ చీర కట్టుకోవాలి, ఏ పూట ఫొటోకి తగిన పూట అన్నీ ఆయన నిర్ణయమే. అందుకే ఆ ఆల్బమ్‌లో యాదగిరిగుట్ట ఉంటుంది, పొయ్యి ఉండదు. పుట్టినరోజు ఉంటుంది, ఆ రోజు అర్ధరాత్రి దాకా అంట్లు తోమిన చెయ్యి ఉండదు. ఇంట్లో కెమెరా స్కూటరు లాంటిది. పేరుకు ఇంటిదే, నడిపేది ఆయన.

‘ఆడవాళ్లు కూడా తీసేవారు కదా, హాట్‌షాట్‌తోనో కోడాక్‌తోనో’ అంటారేమో. నిజమే, నొక్కితే చాలు అనే కెమెరాలు మన చేతికి వచ్చాయి. ‘నొక్కితే చాలు’ అన్నది మనకు, ‘నేర్చుకోవాలి’ అన్నది వాళ్లకు. తేడా అక్కడే ఉంది. దూరం ఎంతో, వెలుతురు ఎంతో, షట్టరు ఎంతసేపు తెరవాలో మనిషే తేల్చుకోవాల్సిన ఎస్సెల్లార్ కెమెరా మగవాళ్ల మెడలోనే వేలాడింది.

2003లో హన్మకొండలో పార్ట్‌టైం లెక్చరరుగా నెలనెలా కొంత దాచుకుని నేను నికాన్ ఎఫ్ఎం10 కొన్నాను. దుకాణంలో మొదటి ప్రశ్న, ‘ఎవరికి మేడం, బాబుకా?’ నాకే అన్నాక రెండో మాట, ‘మీకైతే ఆటోమేటిక్ తీసుకోండి, దీంట్లో అన్నీ చేత్తో తిప్పాలి.’ వంటింట్లో అన్నీ చేత్తో తిప్పే మనిషితో అంటున్న మాట అది! ఫొటోగ్రఫీ తెలిసిన పెద్దమనుషుల దగ్గర ఇంకో రకం చిన్నచూపు. ‘అది అసలు నికాన్ కాదమ్మా, కోసినా కంపెనీ తయారుచేసి ఇచ్చింది. ఒళ్లంతా ప్లాస్టిక్. ఎంట్రీ లెవెల్.’ అబద్ధం కాదు. 1995లో వచ్చిన ఆ కెమెరాను తయారుచేసింది కోసినానే. కానీ ఆ ప్లాస్టిక్ డొక్కలో సెకను నుంచి సెకనులో 2000వ వంతు దాకా తెరుచుకునే షట్టరుంది. రెండు గుండీ బ్యాటరీలు వెలుతురు కొలిచే మీటరుకే. అవి అయిపోయినా షట్టరు ఆగదు. 100 స్పీడు ఫిల్మేసుకుని, మంచి ఎండలో అపర్చరు ఎఫ్16 పెట్టి, షట్టరు 125వ వంతులో ఉంచితే మీటరు లేకుండానే ఫొటో వస్తుంది. 2006 జనవరిలో నికాన్ కంపెనీ తన ఫిల్మ్ కెమెరాలు దాదాపు అన్నీ ఆపేస్తూ రెంటిని మాత్రం ఉంచింది. ఒకటి అందరికన్నా పెద్ద దొర ఎఫ్6, రెండోది ఈ ఎఫ్ఎం10. తర్వాత ఆ రెండూ ఆగిపోయాయి గానీ, గడప దగ్గరి కెమెరా అంత తేలిగ్గా చావలేదు.

‘ఎంట్రీ లెవెల్’ అన్న మాట గురించి ఆలోచించండి. ప్రవేశం అంటే లోపలికి రావడం. మన విషయంలో మాత్రం అది గడప మీదే కూర్చోబెట్టే మాట. ఆరంభకులకు అంటారు, విద్యార్థులకు అంటారు, ఆడవాళ్లకు అంటారు. లోపలికి ఎప్పుడు రానిస్తారో చెప్పరు. నేను ఆ కెమెరాతోనే ఉండిపోయాను. ఖరీదైనది కొనలేకపోవడం ఒక కారణం, అవసరం పడకపోవడం అసలు కారణం.

అది నాకు నేర్పిన మొదటి పాఠం ఏనుమాముల మార్కెట్‌లో. పత్తి సీజన్‌లో తెల్లటి కుప్పల మధ్య పనిచేసే కూలీ ఆడవాళ్లు. ఎండలో పనిచేసి నల్లబడ్డ ముఖాలు. వ్యూఫైండరులో మీటరు లైటు ‘సరిపోయింది’ అంటుంది. అది చెప్పినట్టు తీస్తే పత్తి బూడిదరంగులో, మనుషులు బొగ్గు ముద్దల్లో వస్తారు. ఎందుకంటే మీటరుకు మనుషులు తెలియదు. లోకంలో ఏది కనపడినా సగటున ఒక నడిమి బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేము నిండా తెలుపు ఉంటే వెలుతురు ఎక్కువైందని తగ్గించేస్తుంది. దానికి విరుగుడు ఒకటుంది. ఆ ఆడవాళ్ల మీద పడుతున్న ఎండలోనే మన అరచేయి చాచి దాని మీద మీటరు చూసుకుని, ఒక స్టాపు వెలుతురు పెంచాలి. ఏ రంగు మనిషిదైనా అరచేయి దాదాపు ఒకే తెలుపు గనక లెక్క తప్పదు. మీటరు చెప్పేది సలహా, ఆజ్ఞ కాదు. ఈ చిన్న మాట ఒంటబట్టడానికి నాకు నాలుగు రోళ్లు పట్టింది. ఆటోమేటిక్ కెమెరా అయితే ఆ సలహాను నాకు చెప్పకుండానే అమలుచేసేది.

రెండో పాఠం ల్యాబులో. కలర్ రోలు కడిగించడానికి ఇస్తే ప్రింట్లలో మా ముఖాలన్నీ పాలిపోయి వచ్చేవి. అడిగితే ‘ఫెయిర్‌గా చేశాం మేడం’ అనేవారు, మేలు చేసినట్టు. ఇది ఒక ల్యాబు కుర్రాడి చాదస్తం కాదు. 1950ల నుంచి కోడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన నమూనా కార్డు మీద ఒక తెల్లజాతి యువతి ఉండేది. మొదటి మోడల్ పేరు మీద వాటికి షర్లీ కార్డులని పేరు. ఆమె ఒంటి రంగు సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టే. నల్లటి ఒళ్ల సంగతి కంపెనీకి పట్టింది చాలా ఆలస్యంగా. అదీ చాక్లెట్ కంపెనీలు, కలప ఫర్నిచర్ కంపెనీలు తమ సరుకు రంగు సరిగా రావడంలేదని ఫిర్యాదు చేశాకేనని కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ రాసింది. చాక్లెట్‌కున్న విలువ నల్లటి ఆడదాని ముఖానికి లేకపోయింది. పెళ్లిచూపుల ఫొటో కోసం స్టూడియోల్లో ఎంతమంది ఆడపిల్లల రంగు చెరిపారో మనకు తెలియని సంగతా?

అందుకే నలుపు తెలుపు ఫిల్ములోకి మారి ఇంట్లోనే కడుక్కోవడం మొదలుపెట్టాను. గొప్ప విద్యేం కాదు. చీకట్లో రోలును ట్యాంకులోకి ఎక్కిస్తే చాలు, మిగతా పని లైటు వేసుకునే చెయ్యొచ్చు. డెవలపరు, నీళ్లు, హైపో. మందు 20 డిగ్రీల్లో ఉండాలి, వరంగల్ మే నెలలో కుళాయి నీళ్లే కాగుతుంటాయి, గిన్నె చుట్టూ ఐసు ముక్కలు పేర్చాలి. కష్టమల్లా బాత్‌రూం తలుపు వేసుకోవడంలో ఉంది. ఆడమనిషి గంటసేపు తలుపు వేసుకుంటే ఇల్లంతా వచ్చి తలుపు తడుతుంది. వర్జీనియా వుల్ఫ్ 1929లో మనకంటూ ఒక గది ఉండాలంది. చీకటి గది కూడా ఉండాలని నేను కలుపుతున్నాను.

ఎందుకు కావాలో చెప్తాను. ఒకసారి తెలిసినామె నా దగ్గరికి వచ్చి వీపు మీది దెబ్బలు ఫొటో తియ్యమంది. ఏ స్టూడియోకి పోతుంది ఆమె? జాకెట్టు తీసి ఎవరి ముందు నిలబడుతుంది? ఆ రోలు ఎవరు కడుగుతారు, ఎన్ని ప్రింట్లు వేస్తారు, నెగెటివ్ ఎవరి డ్రాయరులో ఉంటుంది? కిటికీ పక్కన కూర్చోబెట్టి ఆరు ఫొటోలు తీశాను. ఆ రాత్రే కడిగి, ఆరబెట్టి, నెగెటివ్ కత్తిరించి ఆమె చేతిలో పెట్టాను. ఆమె కేసు పెట్టిందా లేదా అన్నది ఆమె ఇష్టం. ఆ నెగెటివ్ ఆమెది. కెమెరా సరదా వస్తువని, తీరిక ఉన్నవాళ్ల హాబీ అని అనే వాళ్లకు నా జవాబు ఇదే.

ఇక పేరు సంగతి. మనం వరంగల్ కోట దగ్గర నిలబడి రుద్రమదేవిని తలుచుకుని గర్వపడతాం. 1262 నుంచి 1289 దాకా ఏలిన ఆ రాణి శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’. రాజ్యం చెయ్యాలంటే మగపేరు కావాల్సి వచ్చింది. ఏడు వందల ఏళ్ల తర్వాత, దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరుపొందిన హోమాయ్ వ్యారావాలా తీసిన తొలినాటి ఫొటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, తొంభై ఏడేళ్ల వయసులో! మన హైదరాబాదులోనే రాజా దీన్‌దయాళ్ 1892లో జనానా స్టూడియో తెరిచి, దాన్ని మిసెస్ కెన్నీ లెవిక్ చేతిలో పెట్టాడు. పరదా స్త్రీలను పరాయి మగవాడు చూడకూడదు గనక ఒక స్త్రీ ఫొటోగ్రాఫరు అవసరమైంది. స్త్రీ చూపు మీద గౌరవంతో కాదు, మగవాళ్ల పరువు కోసం. అందుకే పరదా పోయాక ఆ చోటు కూడా పోయింది. మనం వెలుతురులోకి వచ్చాం, కెమెరా వెనక్కి మాత్రం రాలేదు.

మనలో విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. మగచూపు గురించి లారా మల్వే 1975లో రాసిన వ్యాసం మనకు కంఠతా వచ్చు. సెమినారులో ఆ వ్యాసం గురించి గంట మాట్లాడి, చివర్లో గ్రూపు ఫొటోకి అటెండరును పిలుస్తాం. ఇదే సమయంలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత రైతు ఆడవాళ్లు, బడికి పోనివాళ్లు, వీడియో కెమెరా పట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే కోణానికి వాళ్లు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. దొర మంచం మీద కూర్చుని కింద ఉన్నవాళ్లను అట్లాగే చూస్తాడు కదా! కింది నుంచి పైకి చూస్తే అది బానిస షాట్. కళ్లకు కళ్లు సమానంగా ఉంటే సంఘం షాట్. మల్వే వ్యాసానికి దీటైన సిద్ధాంతం ఇది, మన నేల మీద పుట్టింది. కెమెరా చేత పట్టడం వల్లే పుట్టింది.

కెమెరా ఆడవాళ్ల చేతికి రాగానే పవిత్రమైపోతుందని నేననడం లేదు. మేడారం జాతరలో జంపన్నవాగులో స్నానాలు చేసే ఆడవాళ్ల మీదికి పొడుగాటి లెన్సులు గురిపెట్టే మగవాళ్లను తిడతాం. అదే జాతరలో కోయ స్త్రీని అడగకుండా, ‘ఎంత సహజంగా ఉందో’ అంటూ మనం తీసే ఫొటో ఏ షాట్? చదువుకున్న అగ్రకులపు ఆడమనిషి కెమెరాతో నిలబడితే ఎదుటి మనిషికి పటేలే కనపడొచ్చు. ఈ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి కెమెరా ముట్టుకోకపోవడం జవాబు కాదు. అడిగి తియ్యడం, తీసింది చూపించడం, కాపీ ఇవ్వడం జవాబు.

‘ఇప్పుడందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఈ పాత గోల ఎందుకు?’ అనేవాళ్లున్నారు. ఫోను మేలే చేసింది, కాదనను. కానీ ఆ ఫోనులో తాళం ఎవరికి తెలుసు, గ్యాలరీ ఎవరు తనిఖీ చేస్తారు, ఎన్ని ఇళ్లలో అడిగి చూడండి. ముఖం కనపడగానే నున్నగా, తెల్లగా మార్చే బ్యూటీ ఫిల్టరు షర్లీ మనవరాలే. ఆజ్ఞలా పనిచేసే మీటరు ఇంకా తెలివిమీరింది, అంతే. ఫిల్ము ఖరీదు ఇప్పుడు మామూలు జీతాలకు అందేట్టు లేదు, ఫిల్ము కెమెరా డబ్బున్న కుర్రాళ్ల కొత్త ముచ్చట అయింది. కనక అందరూ ఫిల్ము కొనండని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏ పరికరమైనా కానివ్వండి, వెలుతురు ఎంతన్నది మనం తేల్చాలి, నెగెటివ్ మన దగ్గరుండాలి, కింద మన పేరుండాలి.

ఒక్కొక్కరూ కొనుక్కోలేకపోతే సంఘానికి ఒకటి కొందాం. ప్రతి స్త్రీల సంఘం బీరువాలో, ప్రతి మహిళా అధ్యయన కేంద్రంలో రిజిస్టరు రాసి ఇచ్చే కెమెరా ఒకటుండాలి. కొత్తది అక్కర్లేదు, ఇళ్లల్లో అటకల మీద పడున్న పాతవి చాలు. కథా వర్క్‌షాపు పెట్టినట్టే చీకటి గది వర్క్‌షాపు పెడదాం. పత్రికల్లో ఏ ఫొటో వేసినా కింద తీసినవాళ్ల పేరు వేద్దాం. ‘సౌజన్యం’ అన్న గోడ వెనక ఎవరినీ దాచొద్దు. రేపు మన చరిత్ర రాసే ఆడపిల్లలు మన ఉత్తరాలు, కథలు, టేపులతోపాటు మన ఫొటోలూ వెతుకుతారు. అప్పుడు వాళ్లకు మనం ఎట్లా కనపడ్డామో కాదు, మనకు లోకం ఎట్లా కనపడిందో దొరకాలి.